ఒళ్లో పెట్టుకోవలసిన సామాను

నిన్న మధ్యాహ్నం మంచం మీద కూర్చుని ఫోనులో ఇన్సూరెన్సు ఫారం నింపుతున్నాను. నాకు గుమ్మలక్ష్మీపురం ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. వచ్చే వారం అరకు నుంచి సామాను వేసుకుని వెళ్లాలి. ఘాట్ రోడ్డు దిగి, మైదానం దాటి, మళ్లీ కొండల్లోకి ఎక్కే దారి. దారిలో సామానుకి ఏమైనా అయితే అని ఈ బీమా. ఏ వస్తువు, ఎంత పాతది, ఎంత చేస్తుంది అని ఫోను ఒక్కొక్కటే అడుగుతోంది. బీరువా వంతు వచ్చేసరికి లేచి వెళ్లి దాని తలుపును వేళ్ల కణుపులతో తట్టాను. తట్టి, చెవి పెట్టి విన్నాను. అలా చెయ్యమని ఫోను అడగలేదు.

పెరట్లో రోట్లో పప్పు రుబ్బుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఎవరే తట్టింది?" అంది.

నేనే అన్నాను. కాసేపటికి మళ్లీ పొత్రం తిరిగిన చప్పుడు మొదలైంది. ఆ తట్టడం ఎవరిదో అమ్మకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ మనిషి పోయి ఇంకా నెల కాలేదు.

ఊళ్లో ఆయన్ని పాలసీ మామ అనేవారు. నాకు ఉత్త మామ. అమ్మను అక్కా అని పిలిచేవాడు కాబట్టి నాకు మామ అయ్యాడు తప్ప చుట్టరికం ఏమీ లేదు. మేం నాన్న బడి ఉద్యోగం కోసం మైదానం నుంచి కొండెక్కిన వాళ్లం. ఆయన ఇక్కడి మనిషి, అరకు అవతల గెడ్డ, అంటే కొండవాగు, దాటితే వచ్చే చిన్న ఊరు. ఇద్దరినీ కలిపింది చర్చి. ఆరాధన అయ్యాక చెప్పులు వెతుక్కునే చోట మొదలైన పరిచయం మా వంటింటిదాకా వచ్చింది. వంటింటిదాకా అని ఊరికే అనడం లేదు. గుమ్మంలో చెప్పులు విడిచి, ముందు గదిలో నాన్న ఉన్నా ఆగకుండా, నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్లి గిన్నె మూత తీసి వాసన చూసేవాడు.

"కూరేటక్కా?"

"కనబడ్డం లేదా? వంకాయ."

"ఎండుసేప ఎయ్యలేదేటి?"

వేసినా వెయ్యకపోయినా ఆ ప్రశ్న ఉండేది. ఎండుచేప లేని కూర ఆయన దృష్టిలో ఇంకా ఉడుకుతున్నట్టే లెక్క.

ఆయన చేసే పని బీమా ఏజెంటు. జీపులకి, స్కూటర్లకి రాసేవాడు గానీ ఎక్కువగా రాసింది ఆవులకీ ఎడ్లకీ. పాలసీ ఉన్న పశువు చెవికి కంపెనీ బిళ్ల ఒకటి కుడతారు. పశువు చస్తే ఆ బిళ్ల చూపించాలి. అందుకని ఆయనకి అన్నిటినీ పశువుల్లాగే చూడడం అలవాటైపోయింది. స్కూటరు కొన్నవాణ్ణి "దీని సెవేదిరా, బిళ్ల కుడతాను" అని ఏడిపించేవాడు. నా చెవి దుద్దులు చూసి "గుంటకి పాలసీ అయిపోనాది" అనేవాడు. గుంట అంటే ఇక్కడ ఆడపిల్ల. నాకు ఒళ్లు మండేది.

చేతిలో ఎప్పుడూ ఒక జిప్పు సంచి. అందులో బైబిలు, పాటల పుస్తకం, వాటి పక్కనే బీమా ఫారాలు. వాక్యం అడిగితే వాక్యం, పాలసీ అడిగితే పాలసీ. ఆదివారం మాత్రం ఫారాలన్నీ ఇంట్లో తీసి పెట్టి వచ్చేవాడు. ఆ రోజు ఎవరైనా బీమా మాట ఎత్తితే సంచి పైకెత్తి ఊపి చూపించేవాడు.

"ఆదివారం నా సంచి తేలిక. రేపు రండి."

ఈ కొండల్లో ఉద్యోగుల బదిలీలు ఎక్కువ. టీచర్లు, నర్సులు, ఫారెస్టువాళ్లు ఏడాదికొకరు సామాను కట్టుకుంటూనే ఉంటారు. వాళ్లకి దారిబీమా రాసేది ఆయనే. ఆ రాసే పద్ధతి చూడడానికి పిల్లలం వెంటబడేవాళ్లం. ముందు గది నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క వస్తువునీ కణుపులతో తట్టేవాడు, సంతలో పనసపండు తట్టి చూసినట్టు. బీరువాని తట్టేవాడు, కుట్టుమిషనుని తట్టేవాడు, చివరికి పరుపుని కూడా తట్టేవాడు. పరుపులో ఏం వినబడేదో దేవుడికి తెలియాలి. అంతా రాశాక పెన్ను మూత పెట్టేసి, ఆ ఇంటి ఆడమనిషి వైపు తిరిగేవాడు.

"ఇప్పుడు సెప్పమ్మా. ఏటి పోతే ఏడుత్తావు?"

ఎవరికీ వెంటనే అర్థమయ్యేది కాదు. బీరువా అనేవారు, ఫ్రిజ్జు అనేవారు.

"అయ్యి పోతే కంపెనీ సూసుకుంటాది. కంపెనీ సామానుకిత్తాది గానీ ఏడుపుకివ్వదు. ఏడుపొచ్చే సామాను బండిలో ఎయ్యకు, నీ ఒళ్లో ఎట్టుకో."

అప్పుడు ఆలోచించుకుని లోపలికి వెళ్లి తెచ్చేవారు. ఒకావిడ చచ్చిపోయిన బిడ్డ చొక్కా తెచ్చింది. ఒక ఫారెస్టు గార్డు భార్య పెంపుడు కోడిపుంజుని తెచ్చింది. మామ దానికీ సరేనన్నాడు. తెచ్చినదాన్ని తన చేత్తోనే గుడ్డలో మూటగట్టి, బండి కదిలే ముందు వాళ్ల ఒళ్లో పెట్టేవాడు. అది పెడితేనే ఆయన లెక్కలో పాలసీ పూర్తయినట్టు.

మా వంతు నేను ఎనిమిదో తరగతిలో ఉండగా వచ్చింది. నాన్నకి అరకు నుంచి పాడేరు బదిలీ అయింది. వానాకాలం. సోమవారం తెల్లవారగానే వ్యాను మాట్లాడుకున్నాం. శనివారం వచ్చి పాలసీ రాస్తానన్న మామ రాలేదు. ఎక్కడో లోపలి ఊళ్లో ఎద్దు చచ్చిపోతే, పాతిపెట్టేలోపు చెవిబిళ్ల చూడడానికి నడిచి వెళ్లాడు. ఆ రైతుకి ఉన్నదే ఒక జత. చీకటి పడ్డాక తిరిగొచ్చాడు.

ఆదివారం చర్చి దగ్గర నాన్న ఆయన్ని పట్టుకున్నాడు.

"పొద్దున్నే బండి. ఇప్పుడే రాసెయ్యి తమ్ముడూ."

మామ సంచి పైకెత్తబోయి, నాన్న మొహం చూసి దించేశాడు.

"ఈరోజు కాదు మేస్టారు. తెల్లారి కోడి కుయ్యగానే వచ్చీసి రాసిత్తాను. బండి కదిలీలోపల కాయితం మీ సేతిలో ఉంటాది."

నాన్న కూడా ఆ చర్చి మనిషే. విశ్రాంతి దినం సంతకం వద్దంటే కాదనలేకపోయాడు. అమ్మ కూడా మంచిదేలే అంది.

ఆ రాత్రి కురిసిన వానకి ఆయన ఊరికీ మా ఊరికీ మధ్య గెడ్డ పొంగింది. మేం చూశాం చూశాం, ఆయన జాడ లేదు. వ్యాను డ్రైవరుకి పాడేరులో మిరియాల బస్తాల లోడు ఉంది. ఆగనన్నాడు. సామాను వేసుకుని వెళ్లిపోయాడు. మేం వెనక బస్సెక్కాం. గెడ్డ ఉధృతి తగ్గేదాకా అవతల ఒడ్డున నిలబడి, కాస్త తగ్గాక మెడలోతు నీళ్లలో దాటి, సంచి నెత్తిన పెట్టుకుని మామ వచ్చేసరికి మా ఇంటికి తాళం వేసి ఉందట.

దారిలో ఒక కల్వర్టు దగ్గర వ్యాను జారి వాగులో పడింది. డ్రైవరు దూకేశాడు, వాడికేం కాలేదు. మా సామాను మాత్రం పోయింది. మా బస్సు అక్కడికి చేరేసరికి నాన్న పుస్తకాలు నీటి మీద తేలుతూ పోతున్నాయి. మామ ఇంకో బస్సులో వచ్చి దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా నీళ్లలోకి దిగాడు. ఒక మంచం, బీరువా తలుపు, రెండు బిందెలు పైకి తేగలిగారు. బీరువా తలుపుని ఒడ్డున పెట్టి, ఆయన అలవాటుగా తట్టాడు. అప్పుడు అమ్మ ఏడవడం మొదలుపెట్టింది.

అమ్మ ఏడ్చింది బీరువా కోసం కాదు. పెళ్లినాటి ఫోటో ఆ బీరువాలో ఉంది. మా అమ్మమ్మ బతికుండగా తీసిన ఫోటో అదొక్కటే. ఆయన ఆ పొద్దున్న వచ్చి ఉంటే పెన్ను మూత పెట్టి అడిగేవాడు, ఏది పోతే ఏడుస్తావని. అమ్మ ఫోటో తెచ్చేది. అది ఒళ్లో కూర్చుని పాడేరు చేరేది. మేమందరం ఆ ప్రశ్న వందసార్లు విన్నవాళ్లమే. అడిగేవాడు లేడని మాకెవరికీ గుర్తు రాలేదు.

పాడేరు అద్దె ఇంట్లో ఆ సాయంత్రం నాన్న నోరు జారాడు. ఖాళీ గదిలో నిలబడి, ఇరుగుపొరుగు వింటుండగా అన్నాడు.

"దేవుడు పాలసీ రాయొద్దన్నాడా? నీకు చేతగాక దేవుడి మీద పెట్టావు."

మామ తడిబట్టలతో గుమ్మం బయట ఉన్నాడు. తలెత్తలేదు.

"దేవుడి తప్పు కాదు మేస్టారు. ఆదివారం తప్పు కాదు. శనివారం నాను రాకపోడం తప్పు."

ఆ రోజు ఆయన గుమ్మం దాటలేదు. తరవాత కూడా దాటలేదు.

అప్పటి నుంచి బ్రాంచి ఆఫీసు పని మీద పాడేరు వచ్చినప్పుడల్లా మా ఇంటికి వచ్చేవాడు. గోనెసంచిలో ఏదో ఒకటి తెచ్చేవాడు. మొదట గోడగడియారం. గుండ్రటిది, అంచు కొంచెం పెచ్చు లేచింది. "మీది పోనాది గదా" అని గుమ్మంలో పెట్టాడు. మాది పలకలుగా ఉండేది, అయినా తీసుకున్నాం. తరవాత ముక్కాలిపీట. ఇంకోసారి చేట. ఇంకోసారి ఇనప పెనం. ఒకరోజు రుబ్బురోలు భుజాన పెట్టుకుని బస్సు దిగాడు. కండక్టరు దానికి వేరే టిక్కెట్టు కొట్టాడట. రోలు తెచ్చాడు గానీ పొత్రం తేలేదు. పొత్రం లేని రోలు ఏం చేసుకోను అని అమ్మ నవ్వింది. ఆయన నవ్వలేదు. "తెత్తానక్కా, ఆలీసం అవుతాది" అన్నాడు. చాలా రోజులకి పొత్రం తెచ్చాడు.

"వద్దు తమ్ముడూ, ఎందుకివన్నీ" అని అమ్మ ప్రతిసారీ అనేది. ఆయన వినేవాడు కాదు. టీ ఇస్తే గుమ్మం మీదే కూర్చుని తాగేవాడు. వంటింట్లో కూర ఉడుకుతున్న వాసన వస్తే మొహం రోడ్డు వైపు తిప్పుకునేవాడు. నాకు ఆయన తెచ్చిన వస్తువులకంటే ఆ తిప్పుకోవడం బాధగా ఉండేది.

అన్నీ వాడిన వస్తువులే. సంతలో పాతసామాను కొంటున్నాడని నాన్న తేల్చేశాడు. మొదట్లో అమ్మ వాడింది. తరవాత ఇంట్లోకి మిక్సీ వచ్చింది, నాన్‌స్టిక్ పెనం వచ్చింది. నాన్న స్నేహితుడొకాయన గంటగంటకీ పాట పాడే గడియారం బహుమతిగా ఇచ్చాడు. మామ తెచ్చినవి ఒక్కొక్కటే పెరట్లో రేకుల షెడ్డులోకి వెళ్లాయి. ఎవరూ పని గట్టుకుని పంపలేదు. కొత్తది వస్తే పాతది వెనక్కి జరుగుతుంది, అంతే. ఆయన లోపలికి రాడు కాబట్టి ఆయనకి తెలిసే అవకాశం లేదు.

నా ఇంటర్ అయిన ఏడాది నాన్న తిరిగి అరకుకి బదిలీ వేయించుకున్నాడు. మళ్లీ సామాను, మళ్లీ వ్యాను, మళ్లీ అదే దారి. బీమా ఎవరి చేత రాయించాలన్న మాట వచ్చినప్పుడు నాన్న పాడేరులో ఇంకో ఏజెంటు పేరు చెప్పాడు. అమ్మ ఒప్పుకోలేదు.

"తమ్ముడే రాయాలి. రాయాలంటే గది గదీ తిరగాలి. అలాగైనా లోపలికొస్తాడు."

అది అమ్మ ఎత్తు. పాలసీ ఒక సాకు. ఆయన్ని మళ్లీ పొయ్యిదాకా తీసుకురావాలి, గిన్నె మూత తీయించాలి. ఆ శనివారం చీకటితోనే లేచి ఎండుచేప వేసి వంకాయ వండింది. ఆయన పొద్దున్నే, మేం పళ్లు తోముకుంటుండగానే వచ్చేశాడు.

"ఈ మాటు శనివారం నాకింకే పనీ ఎట్టుకోలేదు" అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

గుమ్మం దగ్గర ఆగాడు. అమ్మ బీరువా వైపు చూపించింది. ఆయన చెప్పులు విడిచి, కుడికాలు లోపల పెట్టాడు. బీరువాని తట్టాడు. మంచాన్ని తట్టాడు. టీవీని వేలితో మెల్లిగా తట్టి, "ఇది అరుత్తాది గదా, నాను తట్టక్కర్లేదు" అన్నాడు. నేను నవ్వాను. చాలా ఏళ్లకి ఆయన కూడా నవ్వాడు. పాట పాడే గడియారం కింద నిలబడి దాన్ని పైనుంచి కిందకి చూసి, ఏమీ అడక్కుండా రాసుకున్నాడు. వంటింట్లోకి వెళ్లాడు. మిక్సీని తట్టాడు. పొయ్యి దగ్గర ఆగాడు. అమ్మ కంచం తుడుస్తూ చూస్తోంది. ఆయన చెయ్యి గిన్నె మూతదాకా వెళ్లింది.

"కూరేటక్కా?"

"చూసుకో" అంది అమ్మ. 

"ముందు పని కానీ. పెరడు కూడా సూసీసి వచ్చి తింటాను."

అమ్మ ఆనందంలో పెరడు సంగతి మర్చిపోయింది. నాన్నకి మాత్రం గుర్తుంది. గబగబా ఆయన వెనక వెళ్లాడు.

"ఆ షెడ్డులో ఏం లేదు తమ్ముడూ. అంతా తుక్కు."

అప్పటికే మామ తలుపు గొళ్లెం తీశాడు.

ముక్కాలిపీట మీద ఇనప పెనం, దాని మీద ఎలకలు కొరికిన చేట. మూలన రోలు, దాని పొట్టలో ఎండిపోయిన ఆకులు. గడియారం గోడకి మొహం పెట్టి ఆనించి ఉంది. నేను నాన్న వెనకే ఉన్నాను. నాకు అక్కడి నుంచి పారిపోవాలనిపించింది. అంత సిగ్గు నేను అంతకుముందు ఎరగను. మామ లోపలికి వంగి గడియారాన్ని తిప్పాడు. భుజం మీది తువ్వాలుతో అద్దం తుడిచాడు. దాన్ని మాత్రం తట్టలేదు.

ఈలోగా అమ్మ వచ్చింది. చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మళ్లీ తీసి అంది.

"రాయి తమ్ముడూ. ముందు వీటికే రాయి."

"తుక్కుకి కంపెనీ ఒప్పుకోదక్కా" అన్నాడు మామ.

కోపంగా అనలేదు. దెప్పుతున్నట్టూ అనలేదు. రూలు చెప్పినట్టు చెప్పాడు. అదే నాన్నకి తగిలింది. బావి దగ్గరికి వెళ్లి ఊరికే నీళ్లు తోడాడు.

పాలసీ మిగతాదంతా పద్ధతిగా రాశాడు. పెన్ను మూత పెట్టాడు. అమ్మని అడగవలసింది అడిగాడు. అమ్మ ఏదీ తేలేదు. "నాకేం లేవు తమ్ముడూ, పోయినవి పోయాయి" అంది. ఆయన తల ఊపి, బయటికి వెళ్లి, గుమ్మం మీద కూర్చుని టీ తాగాడు. వంకాయకూర తినలేదు. సోమవారం బండి కదిలేటప్పుడు కాగితం నాన్న చేతిలో ఉంది. ఒక గాజుగ్లాసు కూడా పగలకుండా సామాను అరకు చేరింది. షెడ్డులోవి కూడా అదే బండిలో, బీమా లేకుండా చేరాయి.

ఆ తరవాత మామ ఏమీ తేలేదు. ఆదివారం చర్చిలో కనబడేవాడు, బాగున్నావా గుంటా అనేవాడు, సంచి ఊపేవాడు. ఇంటికి రమ్మంటే వత్తానులే అనేవాడు. రాలేదు. ఆయన బాకీ ఏదో తీరిపోయిందనుకున్నాడని నాన్న అన్నాడు. మాకూ అలా అనుకోవడం సుఖంగా ఉంది. అరకులో రోలు పెరట్లో కూచుంది. అందులో వాననీళ్లు నిలిస్తే కోళ్లు తాగేవి. గడియారం అటకెక్కింది.

పోయిన నెల ఆయన జ్వరంతో పోయాడని చర్చిలో చెప్పారు. మేం ముగ్గురం వెళ్లాం. ఇన్నేళ్లలో ఆయన ఊరు వెళ్లడం అదే మొదలు. గెడ్డ దాటి నడుస్తుంటే ఆ సంగతి నాకు తట్టింది. ఆయన మా ఇంటికి బస్సుల మీద బస్సులు మారి, భుజాన రాళ్లు మోసుకుని వచ్చాడు. మాకు ఈ కాస్త నడక ఎన్నడూ కుదరలేదు.

మట్టి గోడల ఇల్లు, ఎర్రమన్నుతో శుభ్రంగా అలికి ఉంది. అత్త, అంటే మామ భార్య, అమ్మని చెయ్యి పట్టుకుని లోపల కూర్చోబెట్టింది. చాప మీద కూర్చున్నాం. నేను గోడ వైపు చూశాను. ఒక మేకు ఉంది. మేకు కింద గుండ్రంగా, తక్కిన గోడకంటే వేరే రంగులో ఒక మచ్చ. అమ్మ పొయ్యి పక్కన నేల వైపు చూస్తోంది. అక్కడ ఎన్నిసార్లు అలికినా పూడని పల్లం ఉంది, రోలు పెకలించిన చోటు.

నాన్న కూడా చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. మామ సంతలో కొన్నది ఏదీ లేదు. అన్నీ ఈ ఇంట్లోంచి వచ్చినవే.

అత్తకి మా మీద ఏ కోపమూ లేదు. చుట్టాలు వస్తే వాళ్ల ఇంటి కుశలం అడిగినట్టు అడిగింది.

"అక్కా, ఆ రోట్లో పిండి బాగా నలుగుతన్నాదా? అది మాయమ్మ ఇచ్చినాది. ఆయన పట్టుకెల్తానంటే నాను కొన్నాళ్లు మాటాడలేదు. పొత్రం దాచీసినాను. పొత్రం లేక అక్క ఇబ్బంది పడతన్నాదని అడిగి అడిగి సంపీసినారు. ఆకరికి ఇచ్చీసినాను."

అమ్మ ఆ పల్లం మీద నుంచి చూపు తిప్పుకుంది. "బాగా నలుగుతోందమ్మా" అంది.

"ఆయన కూడా ఎప్పుడడిగినా అదే సెప్పీవోరు. మీ పాడేరిల్లు రాయడానికెల్లొచ్చిన రోజు నానే అడిగినాను, ఇన్నాళ్లకి లోపలికెల్లినారు గదా, మన సామాను సూసినారా అని. సూసినాను, గడియారం ముందు గదిలో ఏలాడదీసినారు, అక్క మన రోట్లోనే రుబ్బుతన్నాది, ఆ పిండితోనే అట్లెట్టింది, తిన్నాను అన్నారు. నాకు మనసు నిమ్మళించినాది. పోన్లే, మాయమ్మ రోలు ఊరికే పోలేదనుకున్నాను."

 ఆదివారం సంతకం పెట్టనని, మర్నాడు మెడలోతు గెడ్డ దాటి వచ్చిన మనిషి, ఆ రోజు గుమ్మం మీద టీ తాగి, ఆకలితో బస్సెక్కి, ఇంటికి వెళ్లి భార్యతో అబద్ధం ఆడాడు. ఆవిడ మనసు కోసం ఆడాడు, మా పరువు కోసం కూడా ఆడాడు. అడిగినప్పుడల్లా మళ్లీ ఆడుతూ వచ్చాడు.

తిరిగొచ్చేటప్పుడు రోలూ గడియారమూ అత్తకి ఇచ్చేద్దామన్నాన్నేను. అమ్మ దారి మధ్యలో ఆగిపోయింది.

"ఏమని చెప్పి ఇస్తాం? అక్కర్లేక తెచ్చామనా? వాడు అబద్ధం చెప్పాడని ఆ పిల్లకి తెలియాలా?"

నిజమే. ఇవ్వడానికి లేదు, ఉంచుకోవడానికి మొహం లేదు. నాన్న ఆ సాయంత్రమే అటకెక్కి గడియారం దించాడు. ఆయన మోకాళ్లకి నిచ్చెన పడదు, నేను దించుతానంటే ఒప్పుకోలేదు. తనే బజారుకి తీసుకెళ్లి బాగు చేయించాడు. పాటల గడియారం తీసేసి ఆ మేకుకే దీన్ని తగిలించాడు. ఇప్పుడది ముందు గదిలో నడుస్తోంది. అమ్మ కోళ్లని అదిలించి, కొబ్బరిపీచూ ఇసకా వేసి రోలు తోమింది. మొదటిసారి రుబ్బిన పిండిలో గరుకు తగిలి పారబోసింది. రెండోసారీ పారబోసింది. మిక్సీ పెట్టెలో పెట్టి నా సామానులో వేసేసింది, నువ్వు పట్టుకుపో అని. రోజూ మధ్యాహ్నం చీర కుచ్చిళ్లు దోపుకుని పెరట్లో కూర్చుంటోంది. చేతులు బొబ్బలెక్కాయి.

నిన్న ఫారం పూర్తి కాలేదు. మిక్సీ దగ్గర ఆపేసి పెరట్లోకి వెళ్లాను.

"కాసేపు నేను రుబ్బుతానమ్మా" అన్నాను.

"వద్దు. రోలు ఇంకా నునుపు రాలేదు. ఆ పిల్ల చెయ్యి పెట్టి చూసిందంటే తెలిసిపోతుంది."

వచ్చే ఆదివారం చర్చి అయ్యాక అత్త మా ఇంటికి వస్తానంది.